రియాలజీ, విస్కాసిటీ: ఫార్మసీ పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో బీఫార్మసీ చదివి, ఇప్పుడు జడ్చర్ల వైపు ఒక మందుల ప్లాంట్‌లో క్యూసీలో (నాణ్యత పరీక్షించే విభాగంలో) పనిచేస్తున్నా. పరీక్షలు దగ్గరపడితే చాలు, జూనియర్ల ఫోన్లు మొదలు. అడిగేవి తిప్పి తిప్పి ఇవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. టెక్స్ట్‌బుక్‌లో ఉన్న వరుసలో ఉండదు, నాకు తోచిన వరుసలో ఉంటుంది.

రియాలజీ అంటే చిక్కదనం గురించి చదవడమేనా?

సగం వరకు కరెక్టే. జొన్న గటకను, ఆముదాన్ని పక్కపక్కన పెట్టుకుని చూడండి. రెండూ చిక్కగా ఉన్నాయనే అంటాం. కానీ ఆముదం చెంచా వంచితే ఎంత మెల్లగానైనా సరే కారుతూనే ఉంటుంది, మధ్యలో ఆగదు. గటక అలా కాదు, గంటెతో తీసి పళ్లెంలో వేస్తే కుప్పగా నిలబడుతుంది, వేలితో నెడితేనే కదులుతుంది. బలం పెట్టినప్పుడు పదార్థం ఎట్లా పారుతుంది, ఎట్లా రూపం మారుతుంది అని చూసే చదువు రియాలజీ. అందులో ఎంత చిక్కగా ఉంది అనేది ఒక ముక్క మాత్రమే, దాన్నే విస్కాసిటీ అంటాం, తెలుగు పుస్తకాల్లో స్నిగ్ధత.

పేరు పెట్టింది అమెరికాలో లాఫయెట్ కాలేజీ ప్రొఫెసర్ యూజీన్ బింగ్‌హమ్, 1920లో. గ్రీకులో 'రియో' అంటే పారడం. గటకలా కొంత బలం దాటేదాకా కదలని పదార్థాలకు ఆయన పేరు మీదే బింగ్‌హమ్ బాడీస్ అంటారు.

సిలబస్‌లో ఎక్కడ వస్తుంది?

బీఫార్మసీ నాలుగో సెమిస్టర్, ఫిజికల్ ఫార్మాస్యూటిక్స్ 2, రెండో యూనిట్. కానీ మూడో యూనిట్‌లో సస్పెన్షన్లు (కరగని రేణువులు తేలే ద్రవాలు), ఎమల్షన్లు (నూనె, నీళ్లు కలిపి చేసేవి) వచ్చేసరికి మళ్లీ ఇదే కావాలి. రెండో యూనిట్ వదిలేసి మూడోది చదువుదాం అనుకునేవాళ్లు అక్కడే ఇరుక్కుంటారు.

షియర్ స్ట్రెస్, షియర్ రేట్ నాకు ఎప్పుడూ కలగాపులగం అవుతాయి. ఎట్లా గుర్తుపెట్టుకోవాలి?

పేకముక్కల కట్ట బల్ల మీద పెట్టి, పైముక్క మీద అరచేయి ఆనించి ముందుకు తోయండి. పైముక్క బాగా జరుగుతుంది, దాని కిందిది కొంచెం తక్కువ, అట్టడుగుది అసలు కదలదు. ద్రవాన్ని కూడా ఇట్లాంటి సన్నటి పొరల కట్టలా అనుకోవాలి. మీరు తోసిన బలాన్ని అరచేయి ఆనిన వైశాల్యంతో భాగిస్తే షియర్ స్ట్రెస్. పై పొరకూ కింది పొరకూ మధ్య వేగంలో ఉన్న తేడాను కట్ట మందంతో భాగిస్తే షియర్ రేట్. మొదటిది మీరు పెట్టేది, రెండోది ద్రవం మీకు చూపించేది. స్ట్రెస్‌ను రేట్‌తో భాగిస్తే విస్కాసిటీ. ఈ సంబంధం మొదట చెప్పింది న్యూటన్, 1687 నాటి మాట.

షియర్ రేట్ యూనిట్ 'ప్రతి సెకనుకు' అని వినగానే చాలామందికి గాల్లో తేలినట్టు ఉంటుంది. ఒక లెక్క చూడండి. ఆయింట్‌మెంట్‌ను మోచేతి మీద సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో రుద్దుతున్నారు, వేలికీ చర్మానికీ మధ్య మందు పొర 0.1 మిల్లీమీటర్ ఉంది అనుకుందాం. 100 మిల్లీమీటర్లను 0.1తో భాగిస్తే 1000. అంటే షియర్ రేట్ సెకనుకు 1000. అదే ఆయింట్‌మెంట్ ట్యూబ్‌లో ఊరికే పడి ఉన్నప్పుడు దాదాపు సున్నా. ఒకే మందు సున్నా దగ్గర ఒకలా, వెయ్యి దగ్గర ఇంకోలా ఉండాలి. మా పని మొత్తం ఈ రెండింటి మధ్యనే జరుగుతుంది.

యూనిట్లు?

ఎస్ఐ పద్ధతిలో పాస్కల్ సెకండ్. పాత పద్ధతిలో పాయిజ్. ఒక పాస్కల్ సెకండ్ 10 పాయిజ్‌లకు సమానం, పాయిజ్‌లో వందో వంతు సెంటీపాయిజ్. ల్యాబ్‌లో అందరూ పలికేది సెంటీపాయిజే, అది మిల్లీపాస్కల్ సెకండ్‌కు సరిగ్గా సమానం కాబట్టి గొడవ లేదు. పాయిజ్ అన్న పేరు పాజయ్ అనే ఫ్రెంచ్ డాక్టర్ పేరు నుంచి వచ్చింది, ఆయన రక్తం సన్నటి గొట్టాల్లో ఎట్లా పారుతుందో చూస్తూ ఈ పని మొదలుపెట్టాడు.

అంచనా కోసం: 20 డిగ్రీల దగ్గర నీళ్లు 1 సెంటీపాయిజ్, ఆలివ్ నూనె 80 పైచిలుకు, ఆముదం దాదాపు 1000, గ్లిజరిన్ 1400 ప్రాంతం.

కైనమాటిక్ విస్కాసిటీ అని ఇంకోటి అడుగుతారు. మామూలు విస్కాసిటీని సాంద్రతతో భాగిస్తే అదే, యూనిట్ స్టోక్స్. రెండు మార్కుల ప్రశ్న.

న్యూటోనియన్, నాన్ న్యూటోనియన్ తేడా ఒక్క ముక్కలో చెప్పండి.

కలిపే వేగం మారినా విస్కాసిటీ మారకపోతే న్యూటోనియన్, మారితే నాన్ న్యూటోనియన్. నీళ్లు, ఆల్కహాల్, గ్లిజరిన్, ఆముదం, మామూలు చక్కెర సిరప్ మొదటి రకం. మనం తయారుచేసే సస్పెన్షన్లు, జెల్స్, క్రీములు చాలావరకు రెండో రకం. చిక్కగా ఉంటే నాన్ న్యూటోనియన్, పల్చగా ఉంటే న్యూటోనియన్ అని వైవాలో చెప్పేవాళ్లను ప్రతి ఏడూ చూస్తా. ఆముదం వెయ్యి సెంటీపాయిజ్ ఉన్నా న్యూటోనియనే, ఆ మాట అంటే ఎదుటివాళ్లు ఆముదం తాగిన మొహం పెడతారు.

రెండో రకంలో మళ్లీ మూడు. ప్లాస్టిక్ అంటే పైన చెప్పిన గటక కథ, కదలడానికి కావాల్సిన ఆ కనీస బలం పేరు యీల్డ్ వాల్యూ. సూడోప్లాస్టిక్ అంటే కలిపేకొద్దీ పల్చబడేది. ట్రాగకాంత్, సోడియం ఆల్జినేట్, మిథైల్ సెల్యులోజ్ ద్రావణాలు ఈ కోవకు వస్తాయి. వాటిలో పొడవాటి పాలిమర్ గొలుసులు చిక్కుపడిన దారాల్లా ఉంటాయి, కలిపితే పారే దిక్కుకు సర్దుకుంటాయి, దాంతో అడ్డు తగ్గుతుంది. డైలటెంట్ దీనికి పూర్తిగా ఉల్టా, కలిపేకొద్దీ గట్టిపడుతుంది.

డైలటెంట్ ఇంట్లో చూడొచ్చా?

గిన్నెలో కార్న్‌ఫ్లోర్ వేసి, కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ చిక్కటి ముద్దలా కలపండి. వేలు మెల్లగా దించితే లోపలికి దిగిపోతుంది. పిడికిలితో గట్టిగా గుద్దితే గోడను గుద్దినట్టు తగులుతుంది. రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని సర్దుకుని ఉన్నంతసేపు మధ్యలో ఉన్న నీళ్లు సరిపోతాయి. ఒక్కసారిగా కదిలిస్తే ఆ సర్దుబాటు చెదిరి మధ్య ఖాళీలు పెరుగుతాయి, ఉన్న నీళ్లు వాటిని నింపలేవు, రేణువు రేణువుకు ఒరుసుకుని బిగుసుకుంటుంది. ప్లాంట్‌లో ఇది నవ్వులాట కాదు. ఘనపదార్థం సగానికి మించి ఉన్న, ఫ్లాక్యులేట్ కాని (రేణువులు వదులు గుంపులుగా చేరని) సస్పెన్షన్‌ను కలవట్లేదు కదా అని మిక్సర్ స్పీడ్ పెంచితే అది ఇంకా బిగుస్తుంది, మోటార్ మీద లోడ్ పడుతుంది, కాలిపోనూవచ్చు. అట్లాంటప్పుడు స్పీడ్ తగ్గించాలి.

థిక్సోట్రోపీ కూడా కలిపితే పల్చబడేదే కదా, మరి సూడోప్లాస్టిక్‌తో తేడా ఏంటి?

టైం. సూడోప్లాస్టిక్ కలపడం ఆపిన వెంటనే పాత చిక్కదనానికి వచ్చేస్తుంది. థిక్సోట్రోపీ ఉన్నది వెంటనే రాదు, లోపల చెదిరిన అల్లిక మళ్లీ కట్టుకోవడానికి నిమిషాలో గంటలో పడుతుంది. అందుకే గ్రాఫ్‌లో వేగం పెంచుతూ వెళ్లిన గీత, తగ్గిస్తూ వచ్చిన గీత ఒకదాని మీద ఒకటి పడవు, మధ్యలో ఖాళీ మిగులుతుంది. దాన్నే హిస్టెరిసిస్ లూప్ అంటారు. లూప్ ఎంత పెద్దదైతే అల్లిక అంత ఎక్కువ చెదిరినట్టు. పరీక్షలో బొమ్మ వేస్తే బాణం గుర్తులు తప్పకుండా పెట్టండి, బాణాల్లేని లూప్‌కు మార్కులు పోతాయి.

దీని అందం ప్రొకెయిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌లో కనిపిస్తుంది. నూటికి 40 నుంచి 70 వంతుల మందు ఉన్న చిక్కటి సస్పెన్షన్ అది. సీసాలో గట్టిగా ఉంటుంది, సూదిలోంచి తోసేటప్పుడు అల్లిక తెగి పారుతుంది, కండలోకి వెళ్లాక మళ్లీ అల్లుకుని ముద్దగా కూర్చుంటుంది, అక్కడి నుంచి మందు కొంచెం కొంచెంగా వదులుతుంది. ఒకే గుణం మూడు చోట్ల మూడు పనులు చేసింది.

సీసా మీద 'బాగా కుదిపి వాడండి' అని రాస్తారు, దానికీ దీనికీ సంబంధం ఉందా?

పూర్తిగా ఉంది, నా దృష్టిలో ఈ చాప్టర్ మొత్తంలో జనానికి అన్నిటికంటే పనికొచ్చే విషయం ఇదే. సస్పెన్షన్ అంటే కరగని మందు రేణువులు ద్రవంలో తేలుతుండటం. అవి మెల్లగా కిందికి దిగుతాయి. ఎంత త్వరగా అంటే స్టోక్స్ సూత్రం చెబుతుంది: రేణువు సైజు సగం చేస్తే దిగే వేగం నాలుగో వంతు అవుతుంది, ద్రవం విస్కాసిటీ రెట్టింపు చేస్తే వేగం సగం అవుతుంది. అట్లని చిక్కదనం పెంచుకుంటూ పోతే మూత తీసి వంచినా మందు బయటికి రాదు. కాబట్టి నిలబెట్టినప్పుడు చిక్కగా, కుదిపితే పల్చగా ఉండే ద్రవం కావాలి. జాంతన్ గమ్, సోడియం సీఎంసీ వంటి చిక్కబరిచే పొడులు వేసేది అందుకే.

రేణువులు అడుగున ఎట్లా కూర్చుంటాయన్నది ఇంకో కథ. మన నల్గొండ పిల్లలకు ఇది చెప్పడం సులువు. ఫ్లోరైడ్ నీళ్ల కోసం నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి వదిలితే నీళ్లలో దూది పింజల్లాంటి తునకలు పుట్టి, గబగబా దిగి, పైన నీళ్లు తేటగా మిగులుతాయి. ఆ పింజలే ఫ్లాక్స్. అడుగున కూర్చున్నా అవి వదులుగా ఉంటాయి, కొంచెం కదిలిస్తే లేస్తాయి. మందు సీసాలో మనకు కావాల్సింది సరిగ్గా ఆ వదులుదనమే. ఫ్లాక్యులేట్ కాని సస్పెన్షన్ చూడ్డానికి బాగుంటుంది, చాలాసేపు తెల్లగా నిండుగా కనిపిస్తుంది, కానీ నెలల తర్వాత అడుగున సిమెంటులా కేక్ కడితే ఎంత కుదిపినా లేవదు. అందుకే ఫ్లాక్యులేట్ చేసి, ఆ పింజలు దిగకుండా పట్టుకునే చిక్కటి ద్రవంలో ఉంచుతారు.

పిల్లలకు ఇచ్చే యాంటీబయాటిక్ పొడి సిరప్‌లో నీళ్లు కలిపాక కుదపకుండా పోస్తే మొదటి రోజుల్లో మందు తక్కువ పడుతుంది, చివరి రెండు డోసుల్లో ఎక్కువ పడుతుంది. మా అమ్మకు ఇదంతా చెప్పి చూశా. "గట్టిగ ఊపాలె, గంతే గద బిడ్డా" అంది. అంతే.

టానిక్ చిక్కగా ఉంటే బాగా పనిచేస్తుందా?

లేదు. చిక్కదనం చక్కెర వల్లో గమ్ వల్లో వస్తుంది, మందు బలంతో దానికి లెక్క లేదు. ఐపీ (ఇండియన్ ఫార్మకోపియా) సింపుల్ సిరప్‌లో బరువులో 66.7 శాతం చక్కెరే. షుగర్ ఉన్నవాళ్ల కోసం చక్కెర తీసేసిన సిరప్ పల్చగా అనిపించకుండా సెల్యులోజ్ రకాలు వేసి చిక్కబరుస్తారు. కంట్లో వేసే చుక్కల దగ్గర మాత్రం చిక్కదనం కొంత పనిచేస్తుంది. కొంచెం చిక్కగా ఉంటే చుక్క వెంటనే కారిపోకుండా కంట్లో కాసేపు ఎక్కువ నిలుస్తుంది. మరీ చిక్కగా ఉంటే చూపు మసకబారుతుంది, అందుకని అక్కడ హద్దు దాటరు.

వేడికి విస్కాసిటీ ఎంత మారుతుంది?

మీరు అనుకునేదానికంటే చాలా ఎక్కువ. పాలమూరు, నల్గొండ రెండూ ఆముదం పండించే జిల్లాలే కాబట్టి ఆముదంతోనే చెబుతా. 20 డిగ్రీల దగ్గర దాదాపు 1000 సెంటీపాయిజ్ ఉన్నది 30కి వచ్చేసరికి 450 ప్రాంతానికి పడిపోతుంది, 40 దగ్గర 230. అంటే సంక్రాంతి పొద్దున సీసాలోంచి రానని మొరాయించిన ఆముదం మే నెల మధ్యాహ్నం నుదుటి మీదికి కారిపోతుంది. నీళ్లు కూడా 20 నుంచి 30 డిగ్రీలకు 1 నుంచి 0.8కి దిగుతాయి. పుస్తకంలో దీన్ని అర్హీనియస్ సమీకరణం అని రాసి ఉంటుంది. టెంపరేచర్ రాయని విస్కాసిటీ అంకెను నేను నమ్మను, మీరూ నమ్మొద్దు.

మిథైల్ సెల్యులోజ్ మాత్రం మొండిది, వేడి చేస్తే జెల్ కడుతుంది, చల్లారితే మళ్లీ పల్చబడుతుంది.

ఓస్వాల్డ్ విస్కోమీటర్ ప్రాక్టికల్‌లో లెక్క ఎప్పుడూ తప్పుతోంది.

ఓస్వాల్డ్ అంటే ద్రవం సన్నటి గాజు గొట్టంలోంచి కారడానికి పట్టే టైం చూసి విస్కాసిటీ కట్టే పరికరం. లెక్క సులువే, తప్పు గాజు దగ్గర జరుగుతుంది. గొట్టం లోపల పాత శాంపిల్ జిడ్డు మిగిలినా, నీటి చుక్క మిగిలినా టైం మారిపోతుంది. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, నిట్టనిలువుగా బిగించండి, వంకరగా ఉంటే ద్రవం కిందికి లాగే ఎత్తు తగ్గుతుంది. నీళ్లూ శాంపిలూ ఒకే టెంపరేచర్‌లో, ఒకే కొలతలో పోయాలి. మూడుసార్లు టైం తీసి సగటు వేయండి.

లెక్క ఇట్లా: 25 డిగ్రీల దగ్గర నీళ్లకు 64 సెకన్లు, శాంపిల్‌కు 96 సెకన్లు పట్టింది. శాంపిల్ సాంద్రత 1.05, నీళ్లది 0.997. నీళ్ల విస్కాసిటీ 0.89. శాంపిల్ సాంద్రతను దాని టైంతో గుణిస్తే 100.8, నీళ్లది గుణిస్తే 63.8. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 0.89తో గుణిస్తే 1.41 సెంటీపాయిజ్. సాంద్రత మర్చిపోయి ఉత్త టైంలతో లెక్క కట్టేవాళ్లే ఎక్కువ. ఇంకోటి, ఇది న్యూటోనియన్ ద్రవాలకు మాత్రమే. జెల్ తెచ్చి ఓస్వాల్డ్‌లో పోస్తా అంటే గొట్టం కడిగే బాధ మీది.

మరి జెల్స్, క్రీములకు ఏది వాడాలి? బ్రూక్‌ఫీల్డ్‌లో రీడింగ్ రోజుకోలా వస్తోంది.

బ్రూక్‌ఫీల్డ్ సరైనదే. స్పిండిల్ (ద్రవంలో ముంచే కడ్డీ) తిరుగుతుంటే ద్రవం దాన్ని ఎంత గట్టిగా అడ్డుకుంటోందో లోపల ఉన్న స్ప్రింగ్ మెలిక చెబుతుంది, అదే టార్క్ శాతం. టార్క్ 10 శాతానికి తక్కువ ఉన్న రీడింగ్ రాసుకోవద్దు, స్పిండిల్ మార్చండి లేదా స్పీడ్ మార్చండి. స్పిండిల్ మీద ఉన్న గాడి వరకే ముంచాలి. బిళ్లలాంటి స్పిండిల్ అయితే కొంచెం వంచి దించండి, నిటారుగా దించితే కింద గాలి బుడగ ఇరుక్కుంటుంది. థిక్సోట్రోపీ ఉన్న శాంపిల్‌ను మీరు ఒక రోజు కలిపి, ఇంకో రోజు కలపకుండా పెడితే అంకెలు కలవనే కలవవు. నిలబెట్టిన టైం, తిప్పిన టైం రెండూ ప్రొటోకాల్‌లో ఎట్లా ఉంటే అట్లా పాటించాలి. రిపోర్టులో ఉత్త '12,000 సెంటీపాయిజ్' అని రాస్తే అది సగం వాక్యం. ఏ స్పిండిల్, ఎంత ఆర్‌పీఎం, ఎన్ని డిగ్రీలు, ఎంతసేపటి తర్వాత అనేవి కూడా ఉంటేనే ఎవరైనా మళ్లీ కొలిచి చూడగలరు.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, అది వేరే కంపెనీలెండి, మే నెలలో ఒక క్రీమ్ శాంపిల్ వచ్చింది. బీకర్‌ను వాటర్ బాత్‌లో పెట్టా, పావుగంట ఆగా, థర్మామీటర్ పెడితే 25 చూపించింది, రీడింగ్ తీశా. కింది లిమిట్ కంటే తక్కువ. మళ్లీ తీశా, మళ్లీ తక్కువే. బ్యాచ్ ఆగింది, పేపర్లు మొదలయ్యాయి, మధ్యాహ్నం అన్నం సయించలేదు, ఒకటే టెన్షన్. సాయంత్రం షిఫ్ట్‌కు వచ్చిన సీనియర్ నేను చేసిందంతా మళ్లీ చేసి చూపించమన్నాడు. నేను థర్మామీటర్ పెట్టిన చోటు చూసి, "తమ్మీ, అంచుకు కాదు, నడుమ పెట్టు" అన్నాడు. నడుమ 31 ఉంది. క్రీమ్‌లోంచి వేడి బయటికి పోవడానికి చాలాసేపు పడుతుంది, గాజు పక్కన చల్లబడినంత మాత్రాన లోపల చల్లబడినట్టు కాదు. సరిగ్గా 25కి తెచ్చి కొలిస్తే పాసైంది, కానీ ఆ తప్పుకు వివరణ రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

జెల్ చేస్తుంటే చేప కళ్లలాంటి గడ్డలు కడుతున్నాయి.

పొడిని ఒక్కసారిగా చల్లనీళ్లలో కుమ్మరించారు కదా. పైపొర తడిసి జిగురై లోపలి పొడికి నీళ్లు అందకుండా మూసేస్తుంది, ఉప్మాలో రవ్వ ఉండలు కట్టినట్టే. హెచ్‌పీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే చిక్కబరిచే పొడి) అయితే ముందు మూడో వంతు నీళ్లు బాగా వేడిచేసి అందులో పొడి చల్లండి, వేడిలో అది కరగదు, గింజ గింజగా విడిపోతుంది. తర్వాత మిగతా నీళ్లు చల్లవి పోస్తే కరిగి చిక్కబడుతుంది. కార్బోమర్ (జెల్ కట్టే ఇంకో పొడి) అయితే నీళ్లలో మెల్లగా చల్లుతూ కలపండి, అప్పుడు పల్చగా పుల్లటి ద్రవంలా ఉంటుంది, ట్రైఇథనాలమైన్ అనే క్షారం చుక్కలు పడగానే కళ్ల ముందే గట్టిపడుతుంది. దానికి ఉప్పంటే పడదు. డైక్లోఫెనాక్ సోడియం లాంటి లవణం రూపంలో ఉన్న మందు వేస్తే చిక్కదనం తగ్గిపోతుంది, మీ ఫార్ములా తప్పిందని కంగారు పడకుండా ఆ లెక్క ముందే వేసుకోండి.

ఇంజెక్షన్ చిక్కగా ఉంటే లావు సూది వాడితే చాలా?

చాలా తేడా వస్తుంది, ఎందుకంటే పాజయ్ సూత్రంలో గొట్టం వ్యాసార్థం నాలుగో ఘాతంలో ఉంటుంది. సూది రంధ్రం రెట్టింపైతే అదే ఒత్తిడికి పారేది 16 రెట్లు. విస్కాసిటీ సగం చేస్తే రెండు రెట్లే. కానీ లావు సూదితో నొప్పి పేషెంట్‌ది కాబట్టి ఫార్ములేషన్ వాళ్లు విస్కాసిటీ తగ్గించడానికే తంటాలు పడతారు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను కాసేపు బయట ఉంచి ఎక్కించమని కొన్ని మందులకు చెప్పడానికి ఒక కారణం ఇదే. అయితే ఏ మందుకు ఉంచొచ్చో లేబుల్ చూసే చెయ్యాలి.

ట్యాబ్లెట్లు చేసేవాళ్లకు ఇది ఎందుకు?

కోటింగ్ ద్రావణం మరీ చిక్కగా ఉంటే స్ప్రే గన్‌లోంచి సన్నటి తుంపర రాదు, ట్యాబ్లెట్ మీద నారింజ తొక్కలా గరుకుగా పడుతుంది. అందుకే ఫిల్మ్ కోటింగ్‌కు 5 సెంటీపాయిజ్ లాంటి పల్చటి హెచ్‌పీఎంసీ గ్రేడ్లు వాడతారు. మందు గంటల తరబడి మెల్లగా వదలాల్సిన ట్యాబ్లెట్లలో దానికి ఉల్టా, కే4ఎం, కే100ఎం వంటి గ్రేడ్లు వేస్తారు. పేరులో ఉన్న అంకె ఊరికే పెట్టింది కాదు, 2 శాతం ద్రావణం 20 డిగ్రీల దగ్గర చూపే విస్కాసిటీ అది, 4 వేలు, లక్ష. ఆ ట్యాబ్లెట్ కడుపులో నీళ్లు పీల్చుకుని చుట్టూ చిక్కటి జెల్ పొర కట్టుకుంటుంది, మందు ఆ పొరలోంచి ఈదుకుంటూ బయటికి రావాలి. ట్యాబ్లెట్ పొడిని అతికించే పోవిడోన్ కే30లో ఉన్న 30 కూడా విస్కాసిటీ నుంచి లెక్క కట్టిందే.

ఎండాకాలంలో ఆయింట్‌మెంట్ ట్యూబ్ మూత తీస్తే ముందు నూనె కారుతోంది. పారేయాలా?

వేడికి బేస్ మెత్తబడి, లోపలి అల్లిక నూనెను పట్టుకోలేక వదిలేసింది. చల్లబడ్డాక అది మళ్లీ సమంగా కలుస్తుందన్న గ్యారంటీ లేదు, మందు ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ ఉండొచ్చు. రేకుల ఇంట్లోనో, బైక్ డిక్కీలోనో పెట్టిన ట్యూబ్ అయితే వాడకండి, కొత్తది తెచ్చుకోండి. షాపులోంచి తెచ్చిన రోజే అట్లా ఉంటే బిల్లుతో సహా తీసుకెళ్లి మార్చమని అడగండి.